గంట అప్పుడే మోగిందా?

టర్కీ వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ అడిగే మొదటి మాట బెలూన్ ఎక్కావా అని. ఎక్కలేదు. ఆ బెలూన్లు ఎగిరే కప్పడోకియా వైపు వెళ్ళనే లేదు. నాలుగు రోజులు ఇస్తాంబుల్లో తిరిగి, విమానంలో మిలాస్-బోద్రుమ్ ఎయిర్‌పోర్టులో దిగాక, జనమంతా బోద్రుమ్ బస్సు కోసం క్యూ కడుతుంటే నేనూ మా అక్కా ఖాళీగా ఉన్న మిలాస్ బస్సు ఎక్కి కూర్చున్నాం. మేం వెళ్ళాల్సిన ఊరి పేరు కియికిష్లాజిక్. నాకు నోరు తిరగడానికి రెండు రోజులు పట్టింది. అక్క అసలు ప్రయత్నమే చెయ్యలేదు, ఇవాళ్టికీ "ఆ కిచకిచల ఊరు" అనే అంటుంది. విడదీస్తే తేలికే. కియి అంటే ఒడ్డు, కిష్లా అంటే చలికాలం మకాం, చివర్న ఉన్న జిక్ చిన్నదని చెప్పే ముద్దు తోక. ఒడ్డు మీది చిన్న చలికాలపు మకాం అన్నమాట.

నన్ను అక్కడికి లాక్కెళ్ళింది ఒక జోకు. రెండు వేల ఏళ్ళ నాటిది. స్ట్రాబో అని, ఇప్పటి టర్కీలోనే ఉన్న అమాస్యాలో పుట్టిన గ్రీకు భూగోళ రచయిత, ఈ ఊరి గురించి రెండే రెండు ముక్కలు రాస్తాడు. అప్పట్లో దీని పేరు ఇయాసోస్. నేల సారం లేనిది, జనం బతికేదంతా సముద్రం మీదే అని చెప్పి ఓ కథ ఎత్తుకుంటాడు. ఒక గాయకుడు ఈ ఊరొచ్చి తీగల వాద్యం మీటుతూ పాడుతున్నాడట. జనం బుద్ధిగా కూర్చుని వింటున్నారు. ఇంతలో చేపల అమ్మకం మొదలైందని గంట మోగింది. అంతే, ఉన్నవాళ్ళు ఉన్నట్టే లేచి బజారుకి పరుగు. ఒక్కడు మాత్రం కదల్లేదు, కాస్త చెవుడున్న మనిషి. గాయకుడు పొంగిపోయి ఆయన దగ్గరికెళ్ళి, అయ్యా మీ సంగీతాభిమానానికి దణ్ణం, గంట వినపడగానే అందరూ పోయారు, మీరొక్కరే నాకు మర్యాద దక్కించారు అన్నాడు. "ఏంటీ, గంట అప్పుడే మోగిందా?" "మోగిందండీ." "అయితే ఉంటానండీ" అని ఆయనా లేచి చక్కా పోయాడు.

ఇది జనం పుట్టించిన కథేనని స్ట్రాబోనే చెప్తాడు. అయినా నాకు మాత్రం ఆ ఊరు చూడాలనిపించింది. అక్కకి ఈ కథ చెప్తే నవ్వి, "సరే, చేపలుంటాయి కదా, పద" అంది. ఆవిడ ఒప్పుకున్నది చేపల కోసమే అని ఇక్కడ రాసి పెడుతున్నాను, తర్వాత పనికొస్తుంది.

మిలాస్‌లో ఒక రాత్రి పడుకుని పొద్దున్నే ముందు యూరోమోస్ చూశాం. సోకే వెళ్ళే రోడ్డు పక్కనే, ఆలివ్ తోపుల మధ్య, జ్యూస్ దేవుడి గుడి. పదహారు స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి. బస్సు కిటికీలోంచి చూసినా కనిపిస్తుంది, కానీ దిగండి. ఎందుకంటే స్తంభాల మీద దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. మెనెక్రటీస్ అని ఒక వైద్యుడు, ఊళ్ళో అధికారి కూడా, తన కూతురు ట్రిఫైనాతో కలిసి ఐదు స్తంభాలు ఇచ్చాడు. లియో క్వింటస్ అనే ఇంకొకాయన ఏడు. రోమన్ల కాలం, క్రీ.శ. 2వ శతాబ్దం. "మన గుళ్ళో ఫ్యాను రెక్కల మీద పేరు రాయించుకోవడం లాగే" అంది అక్క. సరిగ్గా అంతే. అయితే కొన్ని స్తంభాలకి నిలువు గాళ్ళు చెక్కడం పూర్తవలేదు, నున్నగా వదిలేశారు. చందాలు మధ్యలో ఆగిపోయి ఉంటాయని మేమిద్దరం తేల్చేశాం.

మళ్ళీ మిలాస్ వచ్చి కియికిష్లాజిక్ దోల్ముష్ ఎక్కాం. దోల్ముష్ అంటే చిన్న వ్యాను. మాటకి అర్థం "నిండింది" అని. నిండితేనే కదులుతుంది కాబట్టి ఆ పేరు. దారిలో చెయ్యెత్తిన ప్రతి చోటా ఆగుతుంది. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి, రెండు వైపులా ఆలివ్ చెట్లే. అక్టోబర్ చివరి వారం కాబట్టి చెట్ల కింద పట్టాలు పరిచి కొమ్మల్ని కర్రలతో దులుపుతున్నారు. వ్యానులో ఎక్కిన ప్రతివాళ్ళూ డ్రైవర్ని ఆబి అని పిలుస్తున్నారు, అన్న అని. అక్క అంటే అబ్లా, పెద్దావిడైతే తేయ్‌జే, అంటే పిన్ని, పెద్దమ్మ లాగా. ముక్కూమొహం తెలియని వాళ్ళని వరస కలిపి పిలవడం మనకి కొత్తేం కాదు కాబట్టి మొత్తం టర్కిష్‌లో అక్కకి వచ్చిన మూడు మాటలూ ఇవే, వాటితోనే మూడు రోజులు లాగించేసింది. నేను యాప్‌లో నెల రోజులు నేర్చుకున్నది ఎందుకూ కొరగాలేదు.

వ్యాను చివరి మలుపు తిరగ్గానే చిన్న రేవు. గిన్నెలా గుండ్రంగా, నీళ్ళు కదలకుండా. రేవు మూతి దగ్గర మధ్యయుగాల నాటి బురుజు ఒకటి సగం కూలి నీళ్ళలో నిలబడి ఉంది. ఇటు పక్క ఊరు, అటు పక్క సముద్రంలోకి చొచ్చుకుపోయిన గుట్ట. ఆ గుట్టంతా ఇయాసోస్. ఒకప్పుడు ద్వీపం, ఇప్పుడు నేలతో కలిసిపోయింది. 29న వాళ్ళ రిపబ్లిక్ దినోత్సవం (1923లో ఆ రోజే ప్రకటించారు) కావడంతో పడవలన్నిటికీ ఎర్ర జెండాలు కట్టి ఉన్నాయి. గాలి లేదు. జెండాలు ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాయి.

నేను ఆన్‌లైన్‌లో బుక్ చేసిన పాన్సియోన్, అంటే చిన్న బస, తలుపుకి తాళం. ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి చాలా మర్యాదగా ఏదో చెప్పి పెట్టేశారు. పక్కింటాయన చేతులతో చెప్పిందాన్ని బట్టి, సీజన్ అయిపోయింది, ఓనర్లు ఇజ్మీర్ వెళ్ళిపోయారు. అక్క నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. పావుగంటలో అదే పక్కింటాయన రెండు సందుల అవతల ఒక తేయ్‌జే ఇంటి మేడ గది చూపించాడు. లీరాల్లో నగదు మాత్రమే, కార్డు లేదు, గదిలో రెండు మంచాలు, ఒక ఉన్ని తివాచీ, కిటికీ తీస్తే నేరుగా రేవు. బుక్ చేసుకున్న దానికంటే బాగుంది. ఇప్పుడు నా సలహా అడిగితే, చలికాలం దగ్గరపడ్డాక ఈ వైపు వెళ్ళేవాళ్ళు ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి, లేదా నాలాగా అదృష్టం మీద వదిలేయండి.

సాయంత్రం రేవు గట్టు మీద కూర్చున్నాం. ఒక ముసలాయన వల బాగు చేసుకుంటున్నాడు. చెప్పులు విప్పేసి, కుడికాలి బొటనవేలికి వల తగిలించి బిగదీసి, ఆ బిగువు మీద చిరిగిన చోటు వెతుక్కుంటున్నాడు. చేతిలో నాలుకలాంటి పచ్చ ప్లాస్టిక్ సూది, దానికి చుట్టిన దారం. చినుగు దొరికితే ముందు దాన్ని కుట్టడు. చుట్టూ ఉన్న మంచి వల కళ్ళు కూడా రెండు మూడు కత్తిరించేస్తాడు. అంచులు శుభ్రంగా అయ్యాక ఎడమచేతి చూపుడువేలి మీద కన్ను కొలత తీసుకుంటూ ఒక్కో ముడీ వేసుకుంటూ పోతాడు. వేలు మీద ఆ కొలత చోట గీతలా చర్మం కాయకట్టింది. నేను యాప్ నేర్పిన ఏకైక పనికొచ్చే మాట అన్నాను: "కొలాయ్ గెల్సిన్." పని చేసుకునే వాళ్ళని పలకరించే మాట, తేలిగ్గా సాగాలి అని. తల ఎత్తకుండానే చిరునవ్వు నవ్వి ఏదో బదులు చెప్పాడు. తర్వాత పావుగంట ఎవ్వరం మాట్లాడలేదు. చీకటి పడి వల కళ్ళు కనిపించక ఆయనే లేచాడు.

మర్నాడు పొద్దున్న గుట్ట ఎక్కాం. ముందే చెప్తున్నా, ఎఫెసస్ లాంటి పేరుమోసిన శిథిల నగరం ఊహించుకుని వెళ్తే నీరుగారిపోతారు. ఇక్కడ శిథిలాలకీ ఆలివ్ తోటకీ మధ్య గీత లేదు. అగోరా, అంటే నడిబజారు, మోకాలెత్తు ఎండుగడ్డిలో ఉంది. ఒక ఆవు అందులో తిరుగుతోంది, వరసగా పడి ఉన్న స్తంభాల ముక్కల్ని చూసుకుని మరీ దాటుతోంది, అలవాటైన దారి లాగుంది. 1960లో డోరో లెవి అనే ఇటాలియన్ పురావస్తు శాస్త్రవేత్త ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇటాలియన్లే తవ్వారు. పైన కనిపించేది రోమన్ కాలపు అగోరా. దాని అడుగున క్రీట్ వైపు నుంచి వచ్చిన మినోవన్ల నాటి కుండ పెంకులు, ఆ తర్వాతి మైసీనియన్లవి, ఇలా పొర మీద పొర. క్రీ.పూ. 412లో స్పార్టా వాళ్ళు వచ్చి ఊరు దోచుకుపోయారు. అంటే దోచుకుపోవడానికి ఏదో ఉండేదన్నమాట.

అగోరా పక్కనే సభా మందిరం ఉంది, ఊరి పెద్దలు కూర్చునే చోటు. అర్ధచంద్రంలా రాతి మెట్లు, చిన్నది, బాగానే మిగిలింది. ఒక మెట్టు అంచు మధ్యలో కొద్దిగా అరిగి లోపలికి పోయింది, సరిగ్గా మనిషి కూర్చునే వెడల్పున. అక్కడే కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది. మేక పెంటికలు ఊడ్చుకుని కూర్చున్నానని అక్క గుర్తు చెయ్యమంటోంది, చేశాను.

ఇంకా పైకి వెళ్తే కోట. మధ్యయుగాల గోడలు, లోపల ముళ్ళ పొదలు తప్ప ఏమీ లేదు, కానీ చూడాల్సింది లోపల కాదు బయట. మొత్తం ఖాతం కాళ్ళ కింద పరుచుకుని ఉంటుంది. ఎదురుగా గుల్లుక్, దాని రేవులో పెద్ద ఓడలు. ఫెల్డ్‌స్పార్ అని నేల టైల్స్‌లోనూ గాజులోనూ వాడే ఖనిజం అక్కడి నుంచే ఎగుమతి అవుతుంది. ఇంకా దూరంగా నీళ్ళ మీద గుండ్రటి ఉంగరాలు, వరసలు వరసలుగా. చేపల పెంపకం బోనులు. సీ బాస్, సీ బ్రీమ్ రకాలు పెంచుతారు, యూరప్ బజార్లకి వెళ్తాయి. ఇదివరకు ఒడ్డు పక్కనే పెట్టేసి నీళ్ళు పాడుచేస్తున్నారని గొడవలై, తీరానికి దూరంగా లోతు నీళ్ళలోకి జరపాలని 2007లో నిబంధన తెచ్చారు. పైనుంచి చూస్తే అందంగానే ఉన్నాయి. వల కుట్టే ముసలాయనకి ఎలా కనిపిస్తాయో తెలుసుకోవాలంటే నాకు వచ్చిన టర్కిష్ చాలదు.

అక్కడే ఒక గోడ నీడలో కూర్చుని నేను అక్కకి అస్టియాస్ కథ మొదలుపెట్టాను. ఇయాసోస్ వాళ్ళకి ఆర్టెమిస్ అస్టియాస్ అని దేవత. విగ్రహం ఆరుబయటే ఉండేది, పైన కప్పు లేదు. అయినా దాని మీద వానా మంచూ పడవని ఊరివాళ్ళ నమ్మకం. పోలిబియస్ అనే చరిత్రకారుడు ఇది విని ఒళ్ళు మండి, ఇలాంటివి రాసేవాళ్ళ మీద ఒక పేరా నిండా విసుక్కున్నాడు. "అసలు ఆయన బాధేంటంటే అక్కా, దేవుడి మీద భక్తి ఉండేందుకు కొంత దాకా పర్లేదు కానీ..." అని నేను మంచి ఊపులో ఉండగా అక్క నుంచున్నచోట మునివేళ్ళ మీద లేచి కిందికి చూస్తోంది.

"ఏమే, ఆ పిల్లులు చూడు."

చూశాను. ఊళ్ళో గోడల మీదా కుర్చీల కిందా పడుకున్న పిల్లులన్నీ లేచి, తోకలెత్తుకుని, ఎవరో పిలిచినట్టు గట్టు చివరికి నడుస్తున్నాయి. నిమిషం తర్వాత బురుజు వెనక నుంచి డుగుడుగుమంటూ నీలం పడవ ఒకటి వచ్చింది.

"నువ్వు చెప్తూ ఉండు, వింటా" అని అక్క అప్పటికే సగం గుట్ట దిగేసింది. మోకాళ్ళ నొప్పులని ఎక్కేటప్పుడు నాలుగుసార్లు కూర్చున్న మనిషి. పోలిబియస్ బాధ నా దగ్గరే ఉండిపోయింది.

నేను దిగేసరికి పడవ దగ్గర ఆరేడుగురు ఉన్నారు. నీలం ప్లాస్టిక్ తట్టలో ఎరుపు, గులాబీ కలిసిన బర్బున్యాలు, గడ్డం కింద రెండు మీసాలుంటాయి వీటికి, కొన్ని వెండిరంగు కెఫాల్‌లు, ఒక చిన్న ఆక్టోపస్. అరవడాల్లేవు, వేలం లేదు, ఎవరికి కావలసింది వాళ్ళు వేలితో చూపిస్తున్నారు. ఇంతేనా రోజంతా పట్టింది అనిపించేంత తక్కువ. అక్క అబ్లా, తేయ్‌జే అంటూ ముందుకి దూరి, మొప్పలు ఎత్తి చూసి, కన్ను నొక్కి చూసి, ఆరు బర్బున్యాలు ఏరింది. మా ఇంటి తేయ్‌జే కూడా అక్కడే ఉంది, అక్క మొప్పలు చూడటం చూసి ఆవిడ మొహంలో మా మీద మొదటిసారి గౌరవం కనిపించింది. నెల రోజుల యాప్ వల్ల నాకు దక్కనిది.

వండింది ఆవిడే. పొలుసు కత్తితో కాదు, బొటనవేలి గోరుతో తోక నుంచి తలకి ఒక్క గీత గీసి తీసేసింది, చేప అంత లేతది. ఉప్పు, పిండి, నూనె, అంతే. అక్క మనసు కాస్త కారం కోసం కొట్టుకుపోయింది కానీ, తిన్నాక మాట్లాడలేదు. పక్కన దెనిజ్ బోరుల్జెసి అని ఒడ్డున ఉప్పు నేలల్లో పెరిగే ఆకుకూర, ఉడికించి వెల్లుల్లి, ఆలివ్ నూనె, నిమ్మరసం వేసింది. పేరుకి అర్థం సముద్రపు అలసంద. పుల్లతో సహా ఉడుకుతుంది, వేళ్ళతో పట్టుకుని పళ్ళతో లాగితే కండ నోట్లోకి వచ్చి నారలాంటి పుల్ల చేతిలో మిగులుతుంది. మునక్కాడ తినడం వచ్చినవాళ్ళకి శిక్షణ అక్కర్లేదు. ఊళ్ళో హోటళ్ళలో చిపురా (సీ బ్రీమ్), లెవ్రెక్ (సీ బాస్) అడిగితే ఎక్కువగా బోనుల్లో పెంచినవే. సముద్రానివా పెంపకానివా అని అడిగితే మొహమాటం లేకుండా చెప్తారు. ధరలో తేడా బాగా ఉంటుంది. మొదటి రాత్రి మేం తిన్నది పెంపకం చిపురా. బాగుంది. కానీ ఈ బర్బున్యాల తర్వాత దాని పేరెత్తడం మానేశాం.

మధ్యాహ్నం ఊళ్ళోనే ఉన్న బాలిక్ పజారి చూడ్డానికి వెళ్ళాం. బాలిక్ అంటే చేప, అంటే చేపల బజారు. గంట మోగింది ఇక్కడేనేమో అని గుండె కొట్టుకుంటుంది కదా, కాదు. అది రోమన్ల కాలం నాటి ఎవరో డబ్బున్నవాళ్ళ సమాధి. ఎత్తైన అరుగు మీద చిన్న గుడిలాంటి కట్టడం, చుట్టూ స్తంభాల వసారా. వసారా ఉన్న చతురస్రం చూసి బజారు అనుకున్నారు, ఆ పేరు అలాగే అంటుకుపోయింది. తవ్వకాల్లో దొరికిన రాళ్ళూ శాసనాలూ లోపల పెట్టారు. తిండి తిని కునుకు తీసి తీరిగ్గా బయల్దేరిన పాపానికి మేం వెళ్ళేసరికి ఎవరూ లేరు, గేటు ఊచల్లోంచే చూశాం. ఎవరి శవమో పడుకున్న చోటికి రెండు వేల ఏళ్ళ తర్వాత చేపల బజారని పేరు పెట్టడం ఈ ఊరికే చెల్లింది.

ఇయాసోస్ నాణేల మీద ఒక కుర్రాడు డాల్ఫిన్ పక్కన ఈదుతూ ఉంటాడు. పేరు హెర్మియాస్. ప్లీనీ అనే రోమన్ రచయిత చెప్పిన కథ: డాల్ఫిన్ వీపెక్కి సముద్రంలో తిరిగేవాడు, ఒకరోజు ఉన్నట్టుండి తుఫాను వచ్చి అలల్లో ప్రాణం పోయింది. డాల్ఫిన్ వాణ్ణి ఒడ్డుకి మోసుకొచ్చి, తన వల్లే పోయాడని తిరిగి నీళ్ళలోకి వెళ్ళకుండా ఇసుకలోనే చచ్చిపోయింది. ఇదే ఊళ్ళో డాల్ఫిన్ ఇష్టపడ్డ ఇంకో కుర్రాణ్ణి అలెగ్జాండర్ బాబిలోన్‌లో సముద్ర దేవుడు పొసైడన్ గుడి ప్రధాన పూజారిని చేశాడని కూడా ప్లీనీయే రాస్తాడు. సాయంత్రం గట్టు మీద ఈ కథ చెప్పినప్పుడు మాత్రం అక్క చివరి దాకా వింది. "ఆ పిల్లాడి తల్లి ఏమైంది?" అని అడిగింది. ప్లీనీ రాయలేదు.

ఇంకొక్క విషయం. ఈ ఊరి చుట్టుపక్కల ఎర్ర పాలరాయి గనులుండేవి. నెత్తురు రంగు మీద తెల్లటి చారలు. ఇస్తాంబుల్లో 537లో చర్చిగా పూర్తయిన హగియా సోఫియా లోపలి గోడలకి వాడిన రాళ్ళలో ఇయాసోస్ రాయి కూడా ఉంది. వారం ముందు అక్కడ నేను మెడ విరిగేలా గుమ్మటం చూస్తూ నిలబడితే, అక్క గోడ మీద ఎర్ర పలకని ఫోటో తీసింది, పచ్చి మాంసం కోసినట్టుంది చూడు అని. ఆ రాయీ ఈ రాయీ ఒకటేనని ఒట్టేసి చెప్పలేను గానీ, ఊరి బయట దారి పక్క దొరికిన గోలీకాయంత ఎర్ర ముక్కని ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు చూసుకున్నాం. ముక్క అక్కడే వదిలేశాం. శిథిలాల నుంచి రాయి ముక్క తీసుకెళ్ళడం టర్కీలో పెద్ద నేరం. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే టెన్షన్ మామూలుగా ఉండదు. దారిలో దొరికిన రాయి అని చెప్పుకునే టర్కిష్ మా దగ్గర లేదు.

మూడో రోజు పొద్దున్న తిరుగు దోల్ముష్. మేం ముందే వెళ్ళి ముందు సీట్లు పట్టుకున్నాం. ఏడుగురు ఎక్కారు, ఎనిమిది మంది అయ్యారు, ఎవరి బ్యాగులు వాళ్ళ ఒళ్ళో ఉన్నాయి. నిండింది కదా అనుకుంటే బండి కదలదు. డ్రైవర్ ఆబి టీ గ్లాసు పట్టుకుని రేవు వైపే చూస్తున్నాడు. పది నిమిషాలకి నీలం పడవ కుర్రాడు థర్మాకోల్ పెట్టె ఒకటి ఎత్తుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు, మిలాస్‌లో ఏదో హోటల్‌కట. డ్రైవర్ గ్లాసు కింద పెట్టి, నన్ను చూసి ఎంతో మర్యాదగా "అబ్లా" అన్నాడు. లేచి వెనక సీట్లోకి జరిగాను. పెట్టెని నా సీట్లో కూర్చోబెట్టి, దొర్లకుండా బెల్టు కూడా పెట్టాడు. అక్క కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. కొండ మలుపుల్లో బండి వంగినప్పుడల్లా పెట్టె మూలలోంచి ఐసు నీళ్ళు నా బూటు మీద చుక్కలు చుక్కలుగా పడుతూ, మిలాస్ దాకా మాతోనే వచ్చాయి.